ఆ రికవరీ పార్టిషన్ జోలికి వెళ్లకండి

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే సీ, డీల పక్కన డ్రైవ్ లెటర్ లేని చిన్న ముక్క ఒకటి కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేస్తే ‘హెల్ప్’ తప్ప ఇంకేమీ రాదు. చాలామంది దండగ జాగా అనుకుని డిస్క్‌పార్ట్‌తో చెరిపేస్తారు. విండోస్ మొరాయించిన రోజు బాగుచేసే సరంజామా ఉండేది అక్కడే!

విండోస్ 7 నాటి లాప్‌టాప్‌ల్లో అయితే కంపెనీ వేసిన విండోస్, డ్రైవర్లు మొత్తం అందులోనే ఉండేవి. చాలావాటికి డిస్కులు ఇవ్వనిది అందుకే. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే అది లేచేది.

2024 జనవరిలో విండోస్ 10 సెక్యూరిటీ అప్‌డేట్ ఒకటి చాలా కంప్యూటర్లలో ఎక్కలేదు. ఈ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం. కమాండ్లు కొట్టి మీరే పెంచుకోండి అంది మైక్రోసాఫ్ట్. మామూలు జనం ఎలా పెంచుకుంటారండీ? నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇంకో మాట. ఈ పార్టిషన్ ఉన్నదీ విండోస్ ఉన్న డిస్క్‌లోనే కాబట్టి డిస్క్ పోతే అదీ పోతుంది. కనీసం 16 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, స్టార్ట్‌లో ‘రికవరీ డ్రైవ్’ అని వెతికి, ఈ ఆదివారమే ఒకటి చేసి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది తీసుకోండి.