షోలాపూరు మగ్గం గదిలో

గత వైశాఖమాసంలో నాలుగు రోజులు సెలవు పెట్టి షోలాపూరు వెళ్ళవలసి వచ్చింది. ఎండలు మండిపోయే రోజుల్లో ఆ ఊరి ప్రయాణమేమిటని ఆఫీసులో మిత్రులు నవ్వారు. వాళ్ళు నవ్వడంలో తప్పేమీ లేదు. కాని మా అక్క ఫోను చేసి, "తమ్ముడూ, నువ్వొకసారి వచ్చి వాడికి నాలుగు మంచి మాటలు చెప్పిపో, మా మాట చెవిన పెట్టేటట్టు లేడు" అన్న తర్వాత ఆగడానికి వీల్లేకపోయింది.

"వాడు" అంటే మా మేనల్లుడు. డిగ్రీ చదివాడు, ఉద్యోగం దొరకలేదు. మేడమీది రేకుల గదిలో నాలుగడుగుల చదరం, ఆరున్నర అడుగుల ఎత్తు గల గుడ్డ డేరా ఒకటి నిలబెట్టి, అందులో విద్యుద్దీపం వెలిగించి, లెట్యూస్ ఆకూ, ముల్లంగి, ఆవ మొలకలూ పెంచి హోటళ్ళకు ఇస్తున్నాడు. చలికాలమంతా బాగానే సాగింది. ఎండాకాలం రాగానే పంట మాడిపోయింది. వరసగా ఇది రెండో వేసవి. డేరాకూ దీపానికీ డబ్బు కావలసివచ్చి అక్క తన గాజులు కుదువపెట్టింది. ఇప్పుడు వాడు ఆ గదికి ఏర్ కండిషనరు కావాలంటాడు, అదీ వాయిదాల మీద. ఈ వ్యాపారం మానిపించి ఏదైనా దుకాణంలో లెక్కలు రాసే పనికి ఒప్పించాలని మా బావగారి పట్టుదల. ఆ పని నామీద పెట్టారు.

బళ్ళారి నుంచి గుంతకల్లు చేరి అక్కడ బండి మారాను. దారిలో తుంగభద్ర, తర్వాత కృష్ణ, ఆ తర్వాత భీమ, మూడు నదులూ దాటాలి. వర్షాకాలంలో చూడముచ్చటగా ఉండే ఆ మూడూ వైశాఖంలో ఇసుక మేటలే.  వాడీ, కలబురగి గడిచి షోలాపూరులో దిగేటప్పటికి ఉదయం పది గంటలు. గాలి అప్పుడే పొయ్యిమీది పెనంలా ఉన్నది. అయితే చెమట పట్టలేదు. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతున్నది. ఆ సంగతి తర్వాత మాకు ఎంతో పనికివచ్చింది.

షోలాపూరు మనవాళ్ళకు కొత్త ఊరు కాదు. తెలంగాణా పల్లెల నుంచి నేతవాళ్ళు తరతరాలుగా వచ్చి స్థిరపడ్డ ఊరు. దుప్పట్లకూ తువ్వాళ్ళకూ దేశమంతా దానికి పేరు. ఊరి తూర్పు భాగంలో నడుస్తుంటే మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. రిక్షా అతను నాతో మరాఠీలో బేరం మొదలుపెట్టి, కన్నడంలో తగ్గించి, తెలుగులో ముగించాడు. దారిలో నలుగురు హుతాత్ముల విగ్రహాలున్న కూడలి చూపించాడు. 1931 జనవరి 12న ఉరికంబమెక్కిన నలుగురు షోలాపూరు దేశభక్తులు వారు. చెరువు మధ్య సిద్ధేశ్వరుని గుడి కూడా చూచాను. ఆ నీటి గాలి తగిలిన ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చింది.

ఇల్లు చేరి భోజనాలయిన తర్వాత మేనల్లుడు నన్ను మేడమీదికి తీసుకుపోయాడు. వాడి దగ్గర గోడకు తగిలించే ఉష్ణమాపకాలు రెండు ఉన్నాయి. నీడన బయట 42 డిగ్రీలు, రేకుల గదిలో 44, డేరాలో 48. ట్రేలలో ముల్లంగి మొలకలు కాడలు వంచి పడుకున్నాయి. పైన ఒక ఫ్యాను డేరాలోని వేడిగాలిని లాగి అదే గదిలోకి ఊదుతున్నది.

"మామా, ఫ్యాను పొద్దస్తమానం తిరుగుతున్నా చల్లబడదేం?" అన్నాడు వాడు.

నేను మెట్రిక్యులేషను చదివినవాణ్ణి. శాస్త్రం నాకు తెలియదు గాని జమాఖర్చులు తెలుసు. ఇద్దరం కాగితం తీసుకుని కూర్చున్నాం. దీపం 240 వాట్లది. వెలుగు ఆకుల మీద పడినా, గుడ్డమీద పడినా, చివరకు దాదాపు అంతా వేడిగానే మారుతుంది. కనుక దీపం వెలిగినంతసేపూ 240 వాట్ల పొయ్యి ఒకటి లోపల ఉన్నట్టే. అది జమ. ఫ్యాను బయటికి తోసేది ఖర్చు. డేరాలోని గాలి బయటి గాలికంటే 3 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే గంటకు సుమారు 240 ఘనమీటర్ల గాలి మారాలి. ఆ డేరాలో పట్టేది మూడు ఘనమీటర్ల లోపే కనుక, నిమిషానికి ఒకసారికి పైగా లోపలి గాలి అంతా మారాలన్నమాట. ఫ్యాను ఆ పని కొంతవరకు చేస్తూనే ఉన్నది. కాని ఎంత గొప్ప ఫ్యానయినా లోపలికి వచ్చే గాలికంటే డేరాను చల్లగా చేయలేదు. గదే 44 అయితే డేరా అంతకు దిగదు. పైగా తోసిన వేడిని మళ్ళీ అదే గది మింగుతున్నది.

ఏర్ కండిషనరు లెక్క కూడా వేశాం. ఒక టన్నుది గంటకు దాదాపు ఒక యూనిట్టు తింటుంది. రోజుకు పన్నెండు గంటలయినా పన్నెండు యూనిట్లు. దీపం పద్నాలుగు గంటలు వెలిగితే అయ్యేది మూడున్నర యూనిట్ల లోపు. అంటే పంటకంటే చల్లదనానికే మూడింతలకు పైగా బిల్లు. యూనిట్లు పెరిగినకొద్దీ ధర కూడా పై మెట్టుకు ఎక్కుతుంది. వాడి ముఖం వాడిపోయింది. మంచి మాటలు చెప్పడానికి ఇదే అదననుకున్నాను గాని నోరు రాలేదు.

సాయంత్రం ఈ సంగతి వసారాలో కూర్చున్న పెద్దాయన చెవిన పడింది. మా అక్క మామగారు, ఎనభై దాటినవారు. చేతి మగ్గం మీద యాభై ఏళ్ళు నేశారు. ఆయన తాపీగా అన్నారు: "డేరాను నెత్తి మీద పెట్టుకుని ఎండను తిడితే ఎట్లరా బిడ్డా? నా మగ్గం గదిల పెట్టు."

కింద వెనకవైపు ఆయన మగ్గం గది ఉన్నది. రెండడుగుల మందం మట్టిగోడలు, మట్టి మిద్దె, నేలలో నడుములోతు గుంట. మగ్గం ఎప్పుడో పోయింది. గుంట పూడ్చి బండలు పరచి గది అద్దెకిద్దామని బావగారు చాలాసార్లు అన్నారట. పెద్దాయన పూడ్చనీయలేదు. దానిమీద తండ్రీ కొడుకుల మధ్య మాటలు కూడా తగ్గిపోయాయని అక్క చాటుగా చెప్పింది.

"గుంటల కాళ్ళు పెట్టి కూసుంటే కింది చల్లదనం పడుగుకు తగిలేది. గాలి పొడిగుంటే నూలు పుటుక్కున తెగుతది. ఎండాకాలం కిటికీకి తడిపిన గోనె కట్టేటోళ్ళం" అన్నారాయన.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఉష్ణమాపకం ఆ గదిలో పెట్టి చూచాం. మేడమీద 44 ఉన్నవేళ అక్కడ 33. పదకొండు డిగ్రీల తేడా, కానీ ఖర్చు లేకుండా! బావగారు కూడా వచ్చి చూచి, ఏమీ అనకుండా వెళ్ళి డేరా దించడానికి చెయ్యి వేశారు.

ఆ రెండు రోజుల్లో మేము చేసినవి ఇవి. మొదటిది, దీపం వేళ మార్చడం. సాయంత్రం ఏడింటికి వెలిగించి ఉదయం తొమ్మిదింటికి ఆర్పాలి. చీకటీ వెలుగూ రోజూ ఒకే వేళకు వస్తే చాలు, మన గడియారంతో మొక్కకు పనిలేదు. రెండోది, దీపాన్ని 160 వాట్లకు తగ్గించడం. ఆకుకూరకు పండ్ల మొక్కలకు కావలసినంత వెలుగు అక్కరలేదు. దీపానికి కరెంటు అందించే డబ్బా కూడా వేడెక్కుతుంది, దాన్ని డేరా బయట గోడకు తగిలించాం. మూడోది, ఫ్యాను గొట్టాన్ని పైనున్న గవాక్షం గుండా వీధిలోకి వదలడం. వేడిగాలి పైకి చేరుతుంది కనుక తీసేది పైనుంచి, రానిచ్చేది కింది నుంచి. నాలుగోది, డేరా కింది ద్వారాన్ని ఎదుటి గోడ కిటికీకి చేర్చి ఆ కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి తడపడం. అయిదోది, మొక్కలకు అందే నీళ్ళ డ్రమ్మును మగ్గం గుంటలో దింపడం. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గి వేళ్ళు కుళ్ళుతాయి. నేల లోపలి చల్లదనం పగటికీ రాత్రికీ అంతగా మారదు. ప్లగ్గుల పలకలు మాత్రం నీళ్ళు చిందని ఎత్తున బిగించాం. తడీ కరెంటూ ఒకచోట చేరరాదు.

మొదటి రాత్రి తడక లేకుండా డేరాలో 31 ఉన్నది. రెండో రాత్రి తడక తడిపితే 25కు దిగింది. పెద్దాయన అర్ధరాత్రి లేచి తడక మీద చెంబుతో నీళ్ళు పోయడం చూచాను. ఆ వయస్సులో ఆయనకు మళ్ళీ మగ్గం గదిలో పని దొరికింది.

ఖర్చు చూస్తే దీపానికి రోజుకు రెండుంబావు యూనిట్లు, ఫ్యానుకు ముప్పాతిక యూనిట్టు. దీపం తగ్గించినందువల్ల మిగిలింది ఫ్యాను ఖర్చును దాటిపోయింది. పంట మాత్రం రెండు రోజులు ఆలస్యంగా కోతకు వస్తున్నదట.

అయితే ఒక మాట చెప్పకపోతే లెక్క తప్పవుతుంది. తడక మంత్రం పొడిగాలిలోనే పారుతుంది. తడి ఆరేటప్పుడు వేడిని పట్టుకుపోవడమే దాని రహస్యం. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు మా వాడు అలవాటుగా తడక తడిపితే చల్లబడలేదు సరికదా, మొలకలకు బూజు పట్టి ఒక వారం పంట పోయింది. తడక విప్పి, ట్రేలు ఎడం చేసి, లోపల చిన్న ఫ్యాను ఆకులమీద ఆడేటట్టు పెట్టిన తర్వాత కుదుటపడింది. యానాములో, బరంపురంలో, చెన్నపట్నంలో ఉన్న మనవాళ్ళకు వేసవిలో కూడా ఉక్కే గనుక వట్టివేళ్ళను నమ్ముకోరాదు. అక్కడ రాత్రి దీపం, నేలమీది గది, వేడిని ఇంటి బయటికి వదలడం, ఈ మూడే శరణ్యం. వీలయితే లెట్యూస్ బదులు వేడికి ఓర్చే తోటకూర, బచ్చలి, తులసి పెంచుకోవడం మేలు.

మేనల్లుడు లక్షాధికారి కాలేదు. హోటళ్ళవాళ్ళు డబ్బు ఆలస్యంగా ఇస్తారు. అక్క గాజుల్లో రెండు విడిపించారు, రెండు ఇంకా అక్కడే ఉన్నాయి. కాని వాయిదాల బేరం మాత్రం ఇంట్లోకి రాలేదు. గుంట పూడ్చే మాట ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క స్టేషనులో, "వాడికి మంచి మాటలు చెప్పనేలేదు గదా తమ్ముడూ" అన్నది. లేదక్కా అన్నాను. ఆమె నవ్వి, ముఖం పక్కకు తిప్పుకుని, జొన్న రొట్టెలూ వేరుశనగ పొడీ కట్టిన మూట నా చేతికిచ్చింది.

మన కుటుంబాల్లో ఎవరి పిల్లవాడైనా ఇటువంటి పనికి దిగి వేడితో తంటాలు పడుతుంటే, చల్లని యంత్రం కొనే ముందు ఒక ఉష్ణమాపకం చేతపట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగమని చెప్పండి. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళు ఎండాకాలం మధ్యాహ్నాలు ఏ మూల నడుం వాల్చేవారో అడిగి తెలుసుకోమనండి.