టైటిల్ బ్లాక్ కింద మా పల్లె (నా చదువు కతలు – 9)

మొన్న ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. "అన్నా, బి.ఆర్క్‌లో సీటొచ్చింది. మా ఇంట్లో పెన్సిల్ పట్టి బొమ్మేసినోళ్ళు ఎవరూ లేరు. ఫస్టియర్ డిజైన్ స్టూడియోలో నిలబడగలనా?" ఒక్క మాటలో చెప్పేది కాదమ్మా. అందుకే ఈ వారం రాస్తానన్న భూముల సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నా.

మొదటి రెండు వారాలూ గీతలే. టీ-స్క్వేర్ ఆనించి షీటు నిండా గీతలు. 2హెచ్ పెన్సిల్‌తో సన్నవి, 2బీతో ముదురువి. కోసిన గోడకి ముదురు గీత, అవతల కనపడేదానికి సన్న గీత, నెత్తి మీద ఉండేదానికి చుక్కల గీత. ప్లాన్ అంటే పైనుంచి చూసిన బొమ్మ అనుకునేవాణ్ణి. కాదు. నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఇంటిని అడ్డంగా కోసి, పై ముక్క తీసేసి, కిందికి చూడాలి. నిలువుగా కోస్తే సెక్షన్. సగం క్లాసుకి ఇది బుర్రకెక్కలేదు. నాకూ ఎక్కలేదు. సెలవులకి వెళ్ళినప్పుడు నాయనకి చెప్తే నవ్వాడు. మా నాయన తాపీ మేస్త్రి. "గోడని కోసి చూట్టమా? పునాదిలో దిగినోడికి రోజూ కనపడేది అదేగా" అన్నాడు. మూల లంబంగా ఉందో లేదో చూడ్డానికి దారం మీద మూడడుగులు, నాలుగడుగులు కొలిచి, ఎదురు కొలత అయిదు వచ్చిందా లేదా చూసేవాడు. కాలేజీలో దానికి గ్రీకు పేరు చెప్పారు.

మూడో వారం ఎక్సర్‌సైజు: మీ ఇల్లు కొలిచి గీయండి. స్కేలు 1:50, షీటు ఎ1. మా ఇల్లు పది అడుగులకి పన్నెండు. లెక్కేస్తే షీటు మీద ఆరు సెంటీమీటర్లకి ఏడు. అరచేతిలో పట్టుద్ది. పక్కవాళ్ళ ఇళ్ళు షీటు నిండా పరుచుకుంటే, నా షీటు మధ్యలో అగ్గిపెట్టె లాంటి గది, చుట్టూ తెల్లకాయితం. జ్యూరీలో ఒక పెద్దాయన దాన్ని చూసి, "ఇది ఒక రూమ్. ఇల్లేదీ?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత "బెడ్‌రూమ్ ఎక్కడ? సర్క్యులేషన్ ఎక్కడ?" అని వరసగా అడిగాడు. నాకు స్పేస్ సెన్స్ లేదని తేల్చాడు. ఆ రాత్రి బ్యాగు సర్దుకున్న మాట నిజం.

బస్సెక్కకుండా ఆపింది ఒక కుర్ర లెక్చరరు. ఆవిడ ఓదార్చలేదు, తప్పు చూపించింది. "గోడలు గీసి ఆగిపోయావు. ఏ టైముకి ఎవరు ఎక్కడ ఉంటారో గీయి." ఊరెళ్ళి మళ్ళీ కొలిచా. నాలుగు ప్లాన్లు గీశా. తెల్లారుజామున అయిదింటికి, మధ్యాహ్నం, పొద్దుగూకినాక, రాత్రి పదింటికి. అదే గది ఒకప్పుడు వంటిల్లు, ఒకప్పుడు అవ్వ పడుకునే చోటు, ఒకప్పుడు నా చదువుల గది. మిగతా ఇల్లంతా గోడల బయటే ఉంది: అరుగు, వేపచెట్టు కింద మంచం, నీళ్ళ తొట్టి, పక్కింటోళ్ళ చూరు కింద మా కట్టెలు. అదంతా కలిపితే ఎ1 షీటు చాల్లేదు. ఇల్లు చిన్నది కావడం నిజమే, దాన్ని నేను ఒప్పుకోవాల్సిందే, పేదరికాన్ని గొప్పగా చూపించే పని నాకొద్దు. కానీ నేను గీసింది ఇల్లు కాదనేది కూడా నిజమే.

ఆ రోజుల్లోనే మనిషి కొలతల పాఠం. లె కార్బుజియె అనే మహానుభావుడు మాడ్యులర్ అని ఒక కొలమానం చేశాడు. అందులో మనిషి ఎత్తు 1.83 మీటర్లు, చెయ్యెత్తితే 2.26. మొదట 1.75 అనుకుని ఆరడుగులకి మార్చాడట. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందగాళ్ళు ఆరడుగులుంటారనే మాట ఆ మార్పు వెనక ఉందని ఆయన పుస్తకంలోనే ఉంది. మా అమ్మ అయిదడుగులు లేదు. వంట కింద కూర్చుని చేస్తది. నాలుగడుగుల దగ్గర కోస్తే ఆమె పొయ్యీ, పీటా, ఆమే ఆ కోతకి కిందే. నిలబడి పనిచేసే వాళ్ళ గట్టు ఎత్తు పుస్తకంలో ఉంది, కూర్చునే వాళ్ళకి నేనే కొలిచి రాసుకున్నా.

అసలు సంగతి సైట్ ప్లాన్ దగ్గర. ఊరు మొత్తం 1:1000లో గీయమన్నారు. ఉత్తరం పైకి. షీటుకి కుడివైపు కింది మూల టైటిల్ బ్లాక్ ముందే గీసుకోవాలి, అందులో పేరు, రోల్ నంబరు, స్కేలు. అలవాటుగా గీసేశా. తర్వాత రామాలయం, బజారు, చెరువు, ఇళ్ళు ఒక్కోటీ పెట్టుకుంటూ వస్తే, మా మాదిగపల్లె సరిగ్గా ఆ డబ్బాలో పడింది. నా పేరు రాసిన చోట మా పల్లె లేకుండా పోయింది. గీసింది ఎవరో కాదు, నేనే.

షీటు చించి మళ్ళీ మొదలుపెట్టా. ఈసారి నేల వాలు, గాలి బాణాలు ముందేశా. మా వైపు వేసవిలో, వానల్లో గాలి ఎక్కువ పడమర నుంచి వస్తది. పల్లె ఊరికి ఆగ్నేయాన. ఊరి గాలి మా మీదుగా పోతది, మా గాలి ఊరి మీదికి పోదు. చెరువు వాయవ్యంలో మెరకన, మురుగు కాలవ చివర మేము. స్టూడియోలో గాలి, వాలు, నీరు చూసి కట్టమని నేర్పే సూత్రాలన్నీ మా ఊరు ఎప్పుడో వాడేసింది, మా మీద. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువులో దిగి నీళ్ళు తాగిందీ, 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైందీ నీళ్ళ దగ్గరే అని అప్పటికి చదివి ఉన్నా. కానీ అది బాణం గుర్తుతో, కాంటూర్ గీతతో కాయితం మీద కనపడడం వేరు.

జ్యూరీలో అదే పెద్దాయన. "పల్లెటూళ్ళు ఆర్గానిక్‌గా పెరుగుతాయి, ప్లాన్ ఉండదు" అన్నాడు. "ఆర్గానిక్ అంటే దానంతటదే పెరిగిందనా సార్? మరి ప్రతిసారీ కిందికే ఎందుకు పెరిగింది?" అన్నా. "డిజైన్ వరకే మాట్లాడు" అన్నాడు. నేను మాట్లాడింది డిజైనే.

కాబట్టి చెల్లెమ్మా, చేరు. డ్రాఫ్టర్, స్కేళ్ళు కొత్తవి కొనకు, సీనియర్లని అడుగు, నావి కూడా అటక మీద ఉన్నాయి. మొదటి షీటు పాడైద్ది, అందరిదీ పాడైద్ది.

ఆ సైట్ ప్లాన్ ఇంటికి తీసుకెళ్ళి అరుగు మీద పరిచా. నాయన కళ్ళజోడు పెట్టుకుని ఊరంతా వేలితో నడిచాడు, చెరువు గట్టు మీదుగా, కాలవ వెంట. పల్లెలో ఆగాడు. "ఒరే అబ్బాయ్, మన బోరింగు ఏదిరా?" అన్నాడు. మర్చిపోయా. పెన్సిల్ తీసుకుని చిన్న సున్నా చుట్టా.

"అక్కడ కాదు, ఇంకాస్త ఇటు" అన్నాడు.