సముద్రం పోయినా వల వదలని ఊరు

నెదర్లాండ్స్ పటంలో ఉర్క్‌ను చూస్తే అది ఒకప్పుడు దీవి అంటే నమ్మబుద్ధి కాదు. పడమట మంచినీటి సరస్సు, మిగతా వైపుల బంగాళదుంప, ఉల్లి పండే పొలాలు. కానీ 1939 వరకు ఈ ఊరికి పడవ తప్ప దారి లేదు.

మంచుయుగంలో హిమానీనదాలు వదిలిపోయిన మన్ను, రాళ్ల దిబ్బే ఉర్క్. 966 నాటి పత్రంలోనే దీని పేరుంది. 1660 నుంచి 1792 వరకు ఆమ్‌స్టర్‌డామ్ నగరం సొంతం. చుట్టూ ఉన్న జూయిడర్‌ జీ అనే ఉప్పునీటి సముద్రపు పాయే దాని బతుకుతెరువు. పొరుగున ఉన్న స్కోక్లాండ్ దీవి అంత ఎత్తు లేదు. అలల తాకిడికి నిలవదని 1859లో ప్రభుత్వమే దాన్ని ఖాళీ చేయించింది. ఉర్క్ మాత్రం దిబ్బ పుణ్యాన మిగిలింది.

1916లో వరద ముంచెత్తడంతో డచ్చివారు సముద్రానికే అడ్డుకట్ట వేయాలని తీర్మానించారు. ఇంజనీరు కార్నెలిస్ లెలీ పథకం ప్రకారం 1932లో 32 కిలోమీటర్ల కరకట్ట పూర్తయింది. లోపలి నీరు క్రమంగా మంచినీరైంది. హెర్రింగ్, ఆంకోవీ చేపలు మాయమయ్యాయి. 1939లో మరో కట్ట ఉర్క్‌ను ప్రధాన భూభాగంతో కలిపింది. 1942 నాటికి చుట్టూ నీరు తోడేసి నేల తేల్చారు. ఆ భూములకు ప్రభుత్వం రైతులను ఏరికోరి ఎంపిక చేసింది.

ఉర్క్ జాలర్లు మాత్రం నాగలి వైపు చూడలేదు. పెద్ద పడవలతో ఉత్తర సముద్రం బాట పట్టారు. పట్టిన చేపలు ఇతర రేవుల్లో దిగి లారీల్లో ఉర్క్ వేలానికి, శుద్ధి కర్మాగారాలకు చేరతాయి. జనాభా 20,000 దాటిన ఈ మునిసిపాలిటీలో దైవభక్తి ఎక్కువ. ఆదివారం పడవలు రేవు దాటవు. సముద్రంలో ప్రాణాలు వదిలిన వారి పేర్లు, వయసులు సరస్సు ఒడ్డున స్మారకంపై చెక్కి ఉంటాయి.

ఇక్కడి పడవల నంబర్లు 'యూకే' అక్షరాలతో మొదలవుతాయి. అవి ఉర్క్ పేరులోని మొదటి, చివరి అక్షరాలే. బ్రిటన్‌తో సంబంధం లేదు. అయితే బ్రెగ్జిట్ దెబ్బ మాత్రం ఈ పడవలకూ తగిలింది. బ్రిటిష్ జలాల్లో వాటా తగ్గింది. డీజిల్ ఆదా చేసే విద్యుత్ తరంగాల వేటపై ఐరోపా సమాఖ్య నిషేధం 2021 జూలైలో పూర్తిగా అమల్లోకి వచ్చింది. మరుసటేడు ఇంధన ధరలు ఎగిశాయి. పడవను తుక్కుకిస్తే పరిహారమిస్తామని డచ్ ప్రభుత్వం ముందుకొచ్చింది. పలువురు యజమానులు ఒప్పుకోక తప్పలేదు.

ఇంటి ముందరి సముద్రం పోయినప్పుడు ఉర్క్ మరో సముద్రం వెతుక్కుంది. ఇప్పుడా సముద్రంలోనూ గాలిమరల క్షేత్రాలు వేటకు చోటు తగ్గిస్తున్నాయి. వేలం కేంద్రం, కర్మాగారాలు నడవాలన్నా వల వేసే పడవలు మిగలాలి కదా.