బండి ముక్కు పల్లానికి

డిసెంబర్ సెలవులకి నర్సీపట్నం వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువొచ్చింది. వీధిలో నాన్న బండి సెల్ఫ్ కొడుతున్నాడు. ర్ర్ర్ర్... ఆగుతోంది. మళ్లీ ర్ర్ర్ర్... పదిసార్లు కొట్టాక, బ్యాటరీ నీరసపడే ముందు, దగ్గుతూ అందుకుంది.

మాది పాత డీజిల్ పికప్. నాన్న ఘాట్ ఎక్కి లంబసింగి దాటి చింతపల్లి వైపు నుంచి కూరగాయల లోడు తెస్తాడు. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. అక్కడ రాత్రి ఆపిన బండి పొద్దున్న అందుకోకపోతే లోడు వేరే బండికి పోతుంది. నెలలో అలా మూడుసార్లు పోయిందట.

నేను మెకానికల్ థర్డ్ ఇయర్. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ఉండదు. గాలిని పదహారు, పదిహేడో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చలికి సిలిండర్ గోడలు ఆ వేడిని లాగేస్తాయి, అందుకే హీటర్ ప్లగ్గులు. థియరీ నాకు కంఠతా వచ్చు. "హీటర్ ప్లగ్గులు పోయాయి నాన్నా" అని తేల్చేశాను. టెస్ట్ లాంప్ పెట్టి చూడనైనా లేదు. నాలుగూ మార్పించాం. రెండు వేలు పైనే అయింది. మర్నాడు మళ్లీ అదే ర్ర్ర్ర్.

షెడ్డులో చూపిస్తే, "కంప్రెషన్ పోయింది, ఇంజిన్ దింపాలి. 40 వేలవుద్ది" అన్నారు. జనవరిలో నా ఫీజు కట్టాలి. ఆ రాత్రి నాన్న అమ్మతో బండి అమ్మేద్దామనడం విన్నాను. నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మీటర్ పట్టుకుని నాన్న కంటే ముందు లేచాను. ఈసారి వరసగా చూద్దామనుకున్నాను. బ్యాటరీ 12.6 ఓల్టులు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా 10కి తగ్గలేదు. అంటే కరెంటు బాగుంది. కంప్రెషన్ నిజంగా పోతే ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు లాగదు. ఇది లాగుతోంది. వెనక్కెళ్లి సైలెన్సర్ చూశాను. డీజిల్ వచ్చి మండకపోతే తెల్లపొగ రావాలి. నాన్న సెల్ఫ్ కొడుతుంటే పొగే లేదు. అంటే డీజిలే రావట్లేదు!

అప్పుడు అడిగాను, "నాన్నా, ఎప్పుడైనా టక్కున అందుకుంటోందా?"

నాన్న కాస్త మొహమాటంగా, "ఒరే నానా, ముక్కు పల్లానికి పెట్టి ఆపితే ఏ చలైనా అందుకుంటాది. ఎత్తుకి పెడితేనే మొరాయిస్తాది. నెల రోజుల్నుంచి చూస్తన్నాను" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"సదువుకున్నోడివి నువ్వు. నాకేటి తెలుస్తాది?"

ట్యాంకు వెనక, ఇంజిన్ ముందు. ముక్కు ఎత్తుకుంటే పైపులో డీజిల్ రాత్రంతా వెనక్కి జారిపోతుంది. కానీ పైపు ఎక్కడో గాలి పీలిస్తేనే జారుతుంది. ఫిల్టర్ మీది చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, సెల్ఫ్ కొట్టమన్నాను. ఒక్క దెబ్బకి అందుకుంది.

పంపు ముందు ఒక కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క బిగించి చూస్తే బుడగలు వరసకట్టి వచ్చాయి. ఫిల్టర్ దగ్గర రబ్బరు పైపు క్లిప్పు కింద సన్నగా పగిలింది. ఆ పైపు డీజిల్‌ని పీల్చే వైపుది, అందుకే బయటికి కారదు. గాలి మాత్రం లోపలికి దూరుతుంది. చలికి రబ్బరు బిగుసుకుని సందు ఇంకాస్త తెరుచుకుంటుంది. కొత్త పైపు, రెండు క్లిప్పులు: 180 రూపాయలు.

నెల రోజులుగా జవాబు నాన్న దగ్గరే ఉంది. నేను ఇంజిన్‌ని అడిగాను, పుస్తకాన్ని అడిగాను, రోజూ దాన్ని నడిపే మనిషిని అడగలేదు. ఆ రెండు వేల కంటే నన్ను ఇప్పటికీ గుచ్చేది "నాకేటి తెలుస్తాది" అన్న ఆ మాటే. ఆ మాట ఆయన చేత అనిపించింది నా థియరీయేమో.

బండి ఇప్పుడు ఎలా ఆపినా అందుకుంటోంది. నాన్న మాత్రం ఇంకా ముక్కు పల్లానికే పెడుతున్నాడు. ఎందుకని అడిగితే, "అలవాటైపోనాదిరా" అన్నాడు. ఈసారి ఎదురు చెప్పలేదు.