పేస్టు మార్చేముందు మందుల డబ్బా చూడండి

ప్రియమైన పాఠకులకు,

చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి వస్తున్నాయనీ, ఒంటికి వేడి చేసిందంటున్నారనీ, ఏ పేస్టు వాడమంటారనీ మీలో చాలామంది అడుగుతున్నారు.

పేస్టు సంగతి తర్వాత. ముందు మీ మందుల డబ్బా తీయండి. బీపీకి అమ్లోడిపిన్, నిఫెడిపిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్: వీటిలో ఏదున్నా అదే కారణమేమోనని అనుమానించాల్సిందే. ఫెనిటాయిన్ 1938లో వాడకంలోకి వస్తే, 1939లోనే దానివల్ల చిగుళ్ళు పెరుగుతున్నాయని డాక్టర్లు రాశారు. అది వాడేవాళ్ళలో దాదాపు సగం మందికి ఎంతో కొంత పెరుగుతాయి. అమ్లోడిపిన్‌తో ఆ బెడద బాగా తక్కువే. కానీ బీపీ మాత్ర లేని ఇల్లేది?

అద్దం ముందు పెదవి పైకెత్తి చూసుకోండి. చిగుళ్ళు పెరిగితే, ముందుపళ్ళ సందుల్లో కోసుగా ఉండాల్సిన కండ మొద్దుగా, పూసలా గుండ్రంగా తేలుతుంది. సాధారణంగా మొదట్లో నొప్పి ఉండదు, అందుకే పట్టించుకోం. మందు మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే ఇది కనబడవచ్చు. పాచి, గార పేరుకున్నచోట మరీ ఎక్కువ. కాబట్టి ముందు క్లీనింగ్ చేయించండి; దానివల్ల పళ్ళు వదులవుతాయన్న భయం మాత్రం వదిలేయండి. వదులు చేసేది ఆ గార పేరుకోవడమే. పెరిగిన కండను కోసి తీసేయొచ్చు గానీ, పాచీ మందూ అలాగే ఉంటే మళ్ళీ పెరుగుతుంది.

అలాగని మాత్ర మీరే మానేయకండి. ఫిట్స్ మందు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ వదలకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. రాసిన డాక్టరుగారికే చిగుళ్ళు చూపించండి. వీటికి బదులుగా వాడదగ్గ మందులు చాలావరకు ఉన్నాయి.

మందులేవీ వాడనివాళ్ళకూ చిగుళ్ళు ఉబ్బవచ్చు. పాచితో వచ్చే వాపు అందరికీ తెలిసిందే. ఎదిగే పిల్లల్లో, గర్భిణుల్లో హార్మోన్ల వల్ల అదే పాచి ఎక్కువ రభస చేస్తుంది. గర్భిణులకు ఒక్కచోటే ఎర్రగా బుడిపెలా లేస్తే హడలిపోకండి, అది క్యాన్సర్ కాదు, కాన్పు తర్వాత చాలావరకు తగ్గుతుంది. అరుదుగా కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుంది.

నన్ను కంగారుపెట్టేది ఒకటే. కొద్ది వారాల్లోనే చిగుళ్ళు ఉబ్బి, ముట్టుకుంటే రక్తం కారుతూ, జ్వరం, నీరసం, ఒళ్ళు పాలిపోవడం కూడా ఉంటే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి. కొన్ని రకాల రక్తక్యాన్సర్లు మొదట నోట్లోనే బయటపడవచ్చు.

ఈసారి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్ళండి. ఆయన అడగకపోయినా చూపించండి.

ఇట్లు,
మీ పళ్ళ డాక్టరు