ఫ్రీ ఫోనుకీ బిల్లుంటుంది

టెలిఫోన్ డిపార్టుమెంటులో జీవితం గడిపినవాడికి ఎదుట డెడ్ ఫోను కనిపిస్తే చేతులు ఊరుకోవు. స్తంభాలెక్కాను, తడిసిన కేబుల్ జాయింట్లు విప్పుకుంటూ వానలో కూర్చున్నాను, 2000 అక్టోబరులో డిపార్టుమెంటు బీఎస్ఎన్ఎల్ అయ్యాక కూడా కొన్నేళ్ళు లాగించి రిటైరయ్యాను. ఇప్పుడుండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర్లో, పెద్దవాళ్ళకి తక్కువ అద్దెకిచ్చే అపార్టుమెంట్లలో. మా బిల్డింగులో గుజరాతీలు ఎక్కువ, తెలుగువాళ్ళం గుప్పెడు. ఎవరి ఫోను మొరాయించినా నా తలుపే కొడతారు. కొడితే నాకూ సంతోషమే. ఆ సంతోషం ఖరీదు పక్క ఫ్లాటు అక్కయ్యగారు కట్టారు.

ఆవిడది తెనాలి వైపు. కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వమిచ్చే వైద్యబీమా మెడికెయిడ్ ఉంది కాబట్టి లైఫ్‌లైన్ ఫోనుకి అర్హత వచ్చింది. ఇక్కడ జనం దాన్ని ఒబామా ఫోను అంటారుగానీ, అది మొదలైంది 1985లో, రీగన్ హయాంలో. పేదవాళ్ళ ఇళ్ళలో లాండ్‌లైను తెగిపోకూడదని పెట్టిన ఏర్పాటు. సెల్‌ఫోన్ల దాకా రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. మెడికెయిడో, ఫుడ్ స్టాంపులో, ఎస్ఎస్ఐ భత్యమో ఉన్నవాళ్ళకి ఇంటికి ఒకటి చొప్పున ఇస్తారు. రాయితీ మామూలుగా నెలకి 9 డాలర్ల 25 సెంట్లు. ఆ డబ్బు మన చేతికి రాదు, నేరుగా ఫోను కంపెనీకి పోతుంది. కంపెనీ దాంతో మనకి కొన్ని నిమిషాలు, కొంత డేటా ఇస్తుంది. అక్కయ్యగారికైతే ఒక చిన్న హ్యాండ్‌సెట్టు కూడా ఇచ్చింది.

ఫోను వచ్చిన కొత్తలో ఆవిడ దాన్ని కొంగుతో తుడుచుకుంటూ తెచ్చి చూపించారు. నేను పెద్దరికం వెలగబెట్టాను. "అక్కయ్యగారూ, మీ ఇండియా ఫోనుందిగా, బిల్డింగు వైఫైలో వాట్సాప్ పెట్టుకుని అబ్బాయితో, చెల్లెళ్ళతో ఎంతసేపైనా మాట్లాడుకోండి. ఈ నిమిషాలు ఖర్చు చెయ్యకండి, ఆపదకి ఉంటాయి. తెలియని నంబరు వస్తే ఎత్తకండి, అన్నీ మోసాలే. మిస్డ్ కాల్ కనిపిస్తే నాకు చూపించండి, అవసరమైనదైతే నా ఫోన్లోంచి చేద్దాం. నాది మావాడి ఫ్యామిలీ ప్లాను, అన్‌లిమిటెడ్" అన్నాను. ఆవిడ అక్షరం తప్పకుండా పాటించారు. పొదుపు గురించి చెబితే మన తరంలో వినని ఆడవాళ్ళుండరు. ఆ ఫోను దేవుడి పటాల పక్కన ఛార్జింగులో ఉండేది. డాక్టరుకీ, మందుల షాపుకీ, హాస్పిటల్‌కి తీసుకెళ్ళే వ్యానువాళ్ళకీ ఆ నంబరే ఇచ్చారు. ఆ ఫోన్లోంచి బయటికి మాత్రం కాల్ పోలేదు.

నిరుడు వేసవిలో ఒకనాడు దాని తెర మీద 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని వచ్చి కూర్చుంది.

నేను కళ్ళజోడు సవరించుకుని రంగంలోకి దిగాను. ఫోను ఆపి మళ్ళీ పెట్టాను. విమానం గుర్తు నొక్కి, తీసి చూశాను. ఆవిడ గాజుకి తగిలించుకున్న పిన్నీసు అడిగి, పక్కనున్న చిల్లులో గుచ్చి ట్రే బయటికి లాగాను. సిమ్ము వేలిగోరంత ఉంది. వెనక బంగారు రంగు రేకుల మీద ఏదో మసకగా అనిపించి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాను; రిలేల కాంటాక్టులు తుడిచిన చెయ్యి కదా. దాని వీపున సన్నటి అంకెలు వరసగా ఉంటాయి. ముందు 89, అది టెలికాం రంగానికి ఇచ్చిన గుర్తు, ఆ వెనక దేశం కోడు. మన సిమ్ములు 8991తో మొదలవుతాయి. ఇదంతా నేను అక్కయ్యగారికి వివరించి చెప్పాను కూడా. ఆవిడ శ్రద్ధగా విని, "ఇంతకీ పలుకుతుందా తమ్ముడూ?" అన్నారు.

పలకలేదు. ఆవిడ ఇండియా ఫోన్లో రెండో అరలో వేశాను, అదే మాట. నా దాంట్లో వేశాను, అదే మాట. అయినా నాకు వెలగలేదు. "ఈ చుట్టుపక్కల టవరు పని జరుగుతోందేమో, రెండ్రోజులు చూద్దాం" అన్నాను. కింద లాబీలో కూర్చునే పెద్దమనుషులు మరో మాటన్నారు, ఆ పథకమే ఎత్తేశారట అని. ఎత్తేసింది అది కాదు. కరోనా రోజుల్లో పుట్టిన ఇంటర్నెట్ రాయితీ వేరే ఒకటుండేది, నెలకి 30 డాలర్ల దాకా ఇచ్చేవారు. సుమారు 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు అందులో ఉండేవి. డబ్బు అయిపోయి 2024 జూన్ 1తో అది మూతపడింది. లైఫ్‌లైన్ అలాగే ఉంది. కానీ నేనూ లాబీ మాటకే తల ఊపి, ఇక చేసేదేముందని ఊరుకున్నాను.

తెర మీద వచ్చే ఒక్కో మాటకీ ఒక్కో అర్థముంటుందని నాకు తెలియక కాదు. 'నో సిమ్' అంటే కార్డు సరిగా కూర్చోలేదు, లేకపోతే పాడైంది. పిన్నీసుతో పని అప్పుడు. 'సిమ్ నాట్ సపోర్టెడ్' అంటే సెట్టు వేరే కంపెనీకి లాకై ఉంది. వాయిదాల మీద కొన్న ఫోన్లకి ఇది మామూలు. ఐఫోనైతే సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే, క్యారియర్ లాక్ అన్నచోట ఆ సంగతి రాసే ఉంటుంది. 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అంటే సెట్టు కార్డుని చదివింది, ఏదో ఒక టవరు అందుతోంది, కానీ మన సిమ్ముకి సర్వీసు దొరకడం లేదు. మారుమూల అయితే మన కంపెనీ టవరు అందలేదనుకోవచ్చు. ఊరి నడిబొడ్డున, నిన్నటిదాకా పలికిన చోట, మూడు సెట్లలో ఒకటే మాట వస్తే తప్పు సెట్టులో లేదు. ఖాతా చూడాలి.

ఇక్కడే నాకు నిజంగా సిగ్గేసేది. మా ఎక్స్ఛేంజిలో 198కి కంప్లయింటు రాగానే లైన్‌మన్‌ని పంపే ముందు ఒక రిజిస్టరు చూసేవాళ్ళం. బిల్లు కట్టక కోసేసిన నంబర్లు అందులో ఉండేవి, డీఎన్‌పీ అనేవాళ్ళం. డెడ్ అని వచ్చిన కంప్లయింట్లలో కొన్ని అక్కడే తేలిపోయేవి. స్తంభం ఎక్కకముందు బిల్లు చూడమని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి. మరి అక్కయ్యగారి విషయంలో ఎందుకు చూడలేదంటే, ఫ్రీ ఫోనుకి బిల్లేమిటన్న ధీమా.

కంటి క్లినిక్కు నుంచి ఉత్తరం వచ్చాకగానీ నా ధీమా దిగలేదు. శుక్లం ఆపరేషన్‌కి తేదీ ఇద్దామని ఫోను చేశారట, ఎంతకీ ఆవిడ దొరకలేదట, ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేశారట. ఆవిడ నన్నేమీ అనలేదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ నా ముందు పెట్టి, "ఇందులో ఏమన్నా ఉందేమో చూడు" అన్నారు. రబ్బరు బాండు వేసిన కట్ట. కిరాణా కూపన్లు, మందుల షాపు ప్రకటనలు, వాటి నడుమ ఫోను కంపెనీ కవరొకటి. చూడగానే గుర్తుపట్టాను. వచ్చిన రోజే ఆవిడ నాకు చూపించారు. నేను విప్పకుండానే, "ప్రకటనలండీ, పారెయ్యండి" అన్నాను. నా అదృష్టమో దురదృష్టమో, ఆవిడ అచ్చుకాగితం పారేసే మనిషి కాదు.

లోపల ఉన్నది ఇంతే. 30 రోజులుగా మీరు ఈ ఫోను వాడలేదు, 15 రోజుల్లో వాడకపోతే సర్వీసు ఆపేస్తాం.

నెలనెలా బిల్లు పంపని లైఫ్‌లైన్ ఫోన్లన్నిటికీ ఈ నిబంధన ఉంది. ఎందుకు పెట్టారో తెలిశాక తప్పు పట్టబుద్ధి కాలేదు. రాయితీ కంపెనీకి పోతుందన్నాను కదా. మనిషి ఫోను మూలన పడేసినా, అసలు ఆ ఊళ్ళోనే లేకపోయినా, కంపెనీకి నెలనెలా డబ్బు జమ అవుతూనే ఉంటుంది. బిల్లుంటే కట్టకపోవడం చూసి తెలుసుకోవచ్చు. బిల్లు లేనిచోట వాడకం ఒక్కటే ఆనవాలు. అందుకని 2012లో 60 రోజుల గడువు పెట్టారు, 2016లో దాన్ని 30 చేశారు. అంటే అక్కయ్యగారు కట్టాల్సిన బిల్లు వాడకమే. దాన్ని కట్టనివ్వకుండా అడ్డం పడింది నేను.

వాడకం అంటే పెద్ద పనేమీ కాదు. ఒక కాల్ చేస్తే చాలు, ఒక మెసేజి పంపితే చాలు, సిమ్ము డేటా కాస్త వాడినా చాలు. కంపెనీవాళ్ళది కాకుండా బయటినుంచి వచ్చిన కాల్ ఒక్కటి ఎత్తి మాట్లాడినా లెక్కలోకి వస్తుంది. నేను ఒక్కటీ మిగల్చలేదు. వాట్సాప్ వైఫై మీద నడిచింది, అది కంపెనీ లెక్కలోకి రాదు. వచ్చిన కాల్ ఎత్తొద్దన్నాను. చెయ్యాల్సిన కాల్ నా ఫోన్లోంచి చేశాను. నా బుర్రలో ఉన్నది ఇండియా లెక్క. అక్కడ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు కదలకపోతేగానీ తీసెయ్యరు. అప్పుడు కూడా బ్యాలెన్సులో 20 రూపాయలుంటే అది పట్టుకుని నంబరు నిలబెడతారు. బ్యాంకు ఓటీపీల కోసం మా బిల్డింగులో తెలుగువాళ్ళందరి దగ్గరా అలా ఊపిరి నిలుపుకుంటున్న ఇండియా సిమ్ములున్నాయి. అన్ని సిమ్ములకీ అదే ధర్మమనుకున్నాను.

ఆపదకి దాచుకోమన్న మాట కూడా నిలవదు. ఈ దేశంలో 911కి చేస్తే, ప్లాను లేకపోయినా, ఏ టవరు అందితే ఆ టవరు ఆ కాల్ మొయ్యాల్సిందే. కాకపోతే సర్వీసు లేని ఫోనుకి వాళ్ళు తిరిగి కాల్ చెయ్యలేరు. దాచిపెట్టిన నిమిషాలకి అక్కడ పనేమీ లేదు.

మళ్ళీ దరఖాస్తు పెట్టాం. అర్హత సరిచూసే నేషనల్ వెరిఫయర్‌కి మన పేర్లతో ఎప్పుడూ తంటానే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందూ, మెడికెయిడ్ కార్డులో వెనకా ఉంటే ఇద్దరు మనుషులనుకుంటుంది. కార్డులో ఉన్నట్టే అక్షరం అక్షరం దించి, నకళ్ళు జతచేశాం. కంపెనీకి నేను ఫోను చేస్తే, ముందు ఆవిడే మాట్లాడాలన్నారు. పుట్టినరోజు చెప్పమంటే ఆవిడ నావైపు తిరిగి, "అసలుదా, బళ్ళో రాయించిందా?" అన్నారు. తెలుగు రాదు కాబట్టి అవతలివాళ్ళు బతికిపోయారు.

కొత్త సిమ్ము వచ్చింది. అప్పుడైనా బుద్ధిగా ఉండాలా? "ఆ బుల్లి ఫోనెందుకు, మీ ఇండియా సెట్టులో వేసుకుంటే తెలుగు కీబోర్డు కూడా ఉంటుంది" అని అందులో వేశాను. సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి, యూట్యూబు ఆడింది, కాల్ మాత్రం పోదు. 2022లో ఇక్కడి మూడు పెద్ద కంపెనీలూ 3జీ మూసేశాయి. మాట ఇప్పుడు ఎక్కువగా 4జీ మీద, వోల్టీగా వెళుతుంది. సెట్టులో వోల్టీ ఉంటే సరిపోదు, ఆ మోడల్‌ని ఆ కంపెనీ ఒప్పుకోవాలి. ఇండియా నుంచి తెచ్చిన సెట్లలో చాలావాటికి ఆ ఒప్పుదల ఉండదు. 2016లో జియో వచ్చినప్పుడు మన ఊళ్ళలో పాత ఫోన్లతో పడ్డ అవస్థకి ఇది అన్నగారు. కొనేముందో, వేసేముందో స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ కొట్టి, వచ్చిన పదిహేనంకెల ఐఎంఈఐ నంబరు కంపెనీకి చెప్పి అడిగితే తేలిపోయేది. సిమ్ము తీసి బుల్లి ఫోన్లో వేశాం, వెంటనే పలికింది.

పాత నంబరు మాత్రం పోయింది. తెగిన నంబరుని ఇక్కడ కనీసం 45 రోజులు ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతారు. మేం టవరనీ పథకమనీ కాలక్షేపం చేసేలోపు అది దాటిపోయింది. ఆ నంబరుకి చేసి చూస్తే ఎవరో స్పానిష్‌లో పలికారు. ఇక అక్కయ్యగారి నంబరు ఉన్న ప్రతిచోటికీ వెళ్ళి మార్పించాలి. క్లినిక్కు, మందుల షాపు, వ్యానువాళ్ళు, మెడికెయిడ్ ఆఫీసు, గుడి. ఏడాదికోసారి అర్హత మళ్ళీ సరిచూస్తారు. వాళ్ళ రికార్డుల్లో తేలకపోతే ఉత్తరం వస్తుంది, 60 రోజుల్లో జవాబివ్వాలి. ఆ సంగతి కాలెండరు మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాను. ఇప్పుడు ఆవిడ రోజూ ఆ ఫోన్లోంచి టెక్సాస్‌కి చేస్తున్నారు. శుక్లం ఆపరేషన్‌కి ఇంకో తేదీ దొరికింది.

ఆ రోజు క్లినిక్కు కౌంటరు దగ్గర కొత్త నంబరు రాయించి బయటికొస్తూ, ఇకనుంచి ఫోను ఎలా వాడుకుంటే మంచిదో చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపి, "పనులు చేసిపెట్టు తమ్ముడూ, సలహాలొద్దు" అన్నారు.