అమ్మ పగటిపూట చూసిన ఘాట్

షోలాపూర్ అనగానే అందరికీ చద్దర్లు, టవళ్ళు గుర్తొస్తాయి. చుట్టూ అంతా ఎండిన మైదానమే అనుకుంటారు. కానీ 45 కిలోమీటర్లు పోతే బాలాఘాట్ కొండలు, అక్కడ తుళజాపూర్ భవానీ అమ్మవారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి, అంటే కోజాగిరికి, మన పూర్వభాగం నుండి ఎంతోమంది రాత్రంతా నడిచి ఆ తల్లి దర్శనానికి పోతారు.

మా అమ్మ అలా 19 ఏళ్ళు నడిచింది. పగలంతా బీడీలు చుట్టి, సాయంత్రం చద్దరు చంకన పెట్టుకుని బయలుదేరేది. మగ్గాలు ఆగకూడదని ఆమె మొక్కు. మోకాళ్ళు అరిగాక డాక్టరు నడక వద్దన్నాడు. "ఇన్నేండ్లు రాత్రిపూటనే ఎక్కిన. ఆ గుట్టలు ఎట్లుంటయో ఒక్కసారి పగలు చూపియ్యి బిడ్డా" అంది.

గణపతి నిమజ్జనం అయిన వారం, కార్ఖానా సెలవునాడు జీపు మాట్లాడాను. డ్రైవరు తామల్‌వాడి మరాఠీ మనిషి. కొన్నేళ్ళు మన పేటలో మగ్గం పని చేశాడట, తెలుగు బాగానే వచ్చు. అమ్మను "ఆయీ" అంటూ ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

వానలు బాగా పడ్డాయి. రోడ్డుకు రెండువైపులా సోయాబీన్, కంది చేలు పచ్చగా ఉన్నాయి. వాళ్ళ ఊరు రాగానే, "ఆయీ, కోజాగిరికి మా అమ్మ ఇక్కడే మీవాళ్ళకు చాయ్ పోసేది. నేను గ్లాసులు కడిగేవాణ్ణి" అన్నాడు. "అయితే నీ చేతి గ్లాసుతోని నేను గూడ తాగే ఉంటా" అంది అమ్మ. అప్పటినుంచి వాళ్ళిద్దరి మాటలే, మేం వినడమే.

ఘాట్ మొదలవగానే బండి నెమ్మదిగా పోనిచ్చాడు. "ఇంత లోతున్నదా! తెలిస్తే ఎక్కకపోదును" అంది అమ్మ. నవ్వుకున్నాం. ఒక మలుపు దగ్గర బండి ఆపమంది. అక్కడి బండమీద కూర్చుని సద్ది తినేవాళ్ళట. వెంట నడిచిన పదకొండు మందినీ పేరుపేరునా చెప్పింది. నలుగురే మిగిలారు.

గుడికి మెట్లు దిగి పోవాలి. డ్రైవరే చెయ్యి పట్టుకుని దించాడు. బయటికి వచ్చాక, మగ్గాల గురించి మొక్కుకున్నావా అని అడిగాను. మా నాలుగింటిలో రెండు అప్పటికే అమ్మేశాం. "లేదు. పూణేలో మనుమరాలి నౌకరి నిలవాలని మొక్కిన" అంది. నాకు మాట రాలేదు.

తిరుగుదారిలో నల్‌దుర్గ్ కోట చూశాం. బోరీ నదికి కోటలోనే ఆదిల్‌షాహీల కాలపు ఆనకట్ట, దాని లోపల పానీమహల్, పైనుంచి 'నర్-మాదీ' జలపాతాలు. వానలు తగ్గీతగ్గని ఆ రోజుల్లోనే చూడాలి.

నల్‌దుర్గ్ దగ్గర హైదరాబాద్ రోడ్డెక్కాం. సిరిసిల్ల నుంచి మా తాత వచ్చిన దారి అదేనని అమ్మ పిల్లలకు చెప్పింది. వాళ్ళు మరాఠీలో అడిగారు, ఆమె తెలుగులో చెప్పింది. షోలాపూర్ చేరేవరకూ ఆ ముచ్చట ఆగలేదు.